ముల్లు మీద ఒక కన్ను ఉంచు

అమ్మలూ,

నువ్వు లక్షా పది వేలకు పాత ఆల్టో బేరం చేశావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. సంక్రాంతికి మీ అమ్మానాన్నలను అందులోనే ఎక్కించుకుని శ్రీశైలం మీదుగా మార్కాపురం వస్తావట. మన ఇంట్లో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడది నేనే, రెండోదానివి నువ్వు. ఆ మాట తలుచుకుని మురిసిపోయాను. ఆ తర్వాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

డబ్బు ఇంకా ఇవ్వలేదు కదా? ఆగు.

2010 బండి అంటే పదిహేనేళ్లు నిండిపోయాయి. ఆర్.సి. మళ్లీ అయిదేళ్లకు పొడిగించారో లేదో ముందు చూడు. పొడిగించకపోతే బండి ఫిట్‌నెస్‌కు నిలబడాలి, అయిదు వేల ఫీజు, దాని మీద పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్. ఆ ఖర్చు ఎవరిదో ఇప్పుడే తేల్చుకో. బండిని నీ పేరుకు మార్చే 29, 30 నంబర్ల ఫారాల మీద సంతకాలు నీ కళ్ల ముందే పెట్టించు. "తర్వాత పంపిస్తానమ్మా" అనేవాళ్ల దగ్గర వస్తువు కొనకూడదు, అంతే.

బండిని పొద్దున్నే, వాళ్లు స్టార్ట్ చేయకముందే వెళ్లి చూడు. బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా తగిలితే నువ్వు వచ్చేలోపు ఒకసారి స్టార్ట్ చేసి వేడెక్కించారన్నమాట. పాత బండి జబ్బులు చాలావరకు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గతుకుల్లో ముందు చక్రాల దగ్గర కటకటమంటే బుష్‌లు, లోయర్ ఆర్మ్‌లు పోయినట్టు, మూడు నాలుగు వేలు పెట్టుకో. క్లచ్ బాగా పైకి వచ్చాక గానీ బండి కదలకపోతే ప్లేటు అరిగిపోయింది, ఆరేడు వేలు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటితే గాట్లు ఎంత లోతుగా ఉన్నా మార్చాల్సిందే. ఆ 796 సి.సి. ఇంజనుకు టైమింగ్ బెల్టు రబ్బరుది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకో, మూడు వేల లోపు పని. తెగితే మాత్రం బండి ఉన్నచోటే నిలిచిపోతుంది. ఏసీ సంగతి ఎండాకాలం చూసుకోవచ్చు. ఇవన్నీ మా వీధి మెకానిక్ చెప్పిన ధరలు, హైదరాబాదులో ఇంకొంచెం ఎక్కువే ఉంటాయి. బండి ధర కాక ముప్పై వేలు విడిగా ఉంచుకో.

ఇక రేడియేటరు. మూత తీసి చూడు, చల్లగా ఉన్నప్పుడు మాత్రమే. లోపల ఆకుపచ్చగానో ఎర్రగానో కూలెంటు, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, కనిపించాలి. తుప్పు రంగు నీళ్లుంటే ఆ బండి నాలాంటి వాళ్ల చేతిలో పడిందన్నమాట.

1999 మే నెల. నా మారుతి 800కు రెండేళ్లుగా కూలెంటు పొయ్యలేదు. డబ్బా కొనడం దండగనిపించి బోరు నీళ్లే పోస్తూ వచ్చాను. మన బోరు నీళ్ల సంగతి నీకు తెలుసు, పది రోజులు కాస్తే గిన్నె అడుగున సున్నం కడుతుంది. గిన్నెను తోముకునే నేను రేడియేటరు గురించి ఆలోచించలేదు. టీచర్ని కూడాను!

మీ అమ్మకు అప్పుడు ఏడో నెల. శ్రీశైలం వెళ్లాలని ముచ్చటపడింది. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే "అక్కా, ఇంజను వేడి చూపించే ఆ ముల్లు పైకి పోతోందేమిటి?" అంది. నేను ముందే చూశాను. ఆపితే ఇంటికెళ్లాక "ఆడవాళ్లు నడిపితే ఇంతే" అంటారని ఆపలేదు. రెండు మలుపుల తర్వాత బానెట్ లోంచి ఆవిరి లేచింది.

అప్పుడు చేసినవన్నీ తప్పులే. కొంగు మడిచి మూత తిప్పాను, కుడి మణికట్టు మీద నువ్వు చిన్నప్పుడు వేలితో తడిమి అడిగేదానివే, ఆ మచ్చ అప్పటిదే. ఆ మంటలోనే, సలసల కాగుతున్న ఇంజనులో సీసాల్లోని చల్లటి నీళ్లు గుమ్మరించాను. మూడు సీసాలూ. మేం తాగడానికి తెచ్చుకున్నవి.

మీ అమ్మ రోడ్డు పక్క రాతి మీద కూర్చుంది. చుట్టూ కోతులు. చాలాసేపటికి "నీళ్లున్నాయా అక్కా?" అని అడిగింది. నేను తల తిప్పుకున్నాను. ఎంత సేపయిందో తెలియదు, ఒక లారీ డ్రైవరు ఆపి, తన క్యానులోంచి ముందు ఆమెకు పోశాడు. తర్వాత మా బండిని తాడు కట్టి దోర్నాలకు లాగాడు. డబ్బు ఇస్తే తీసుకోలేదు.

ఇంజను పై భాగం, అదే హెడ్, వంకరపోయింది, దాని కింద ఉండే గ్యాస్కెట్ కాలిపోయింది. ఇంజను ఆయిల్ పాలు కలిపిన టీలా తయారైంది. లేతుకు పంపి హెడ్ ఫేసింగ్ చేయించడానికి నా నెల జీతం దాదాపు అంతా పోయింది. ఇప్పుడైతే పది పన్నెండు వేలు అడుగుతారు. అందుకే ఇంజను ఆయిల్ మూత కూడా తీసి, దాని అడుగు భాగం చూడు. మీగడలాంటిది అంటుకుని ఉంటే బేరం అక్కడితో ముగించు. ఇంజను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఉందో లేదో కూడా అడుగు, చాలామంది మెకానిక్‌లు పీకి పారేస్తారు.

ముల్లు సగం దాటితే ఆపు. ఎవరేమనుకున్నా ఆపు. ఇంజను ఆర్పి అరగంట కూర్చో, మూత జోలికి వెళ్లకు. అడవి దారిలో చాలా చోట్ల ఫోను పనిచేయదు. రాత్రి తొమ్మిదికి అడవి గేట్లు వేస్తే మళ్లీ ఉదయం ఆరుకే. కాబట్టి తెల్లవారుజామున బయలుదేరు. అయిదు లీటర్ల నీళ్ల క్యాను ఒకటి వెనక సీటులో పెట్టు, దాని మీద "తాగడానికి" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించు. ఇంజనుకు వేరే.

దోర్నాల చేరగానే ఫోన్ చెయ్యి, నేను అరిసెల పాకం పొయ్యి మీద పెడతాను. ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు. ఇన్నేళ్లలో ఆమె ఆ నీళ్ల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మీ పెద్దమ్మ