కరెంటు రంపం కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇంట్లో పుస్తకాల అరలు సొంతంగా చేసుకోవడానికి కరెంటు రంపం కొంటున్నానని, ఎన్ని వాట్లది తీసుకోవాలో చెప్పమని అడిగావు. వాట్ల సంగతి చివర చూడవలసినది. ఏడుంపావు అంగుళాల గుండ్రని బ్లేడు, అంటే సుమారు 185 మిల్లీమీటర్లది, పట్టే రంపానికి 1200 నుంచి 1400 వాట్లుంటే ఇంటి పనికి ధారాళంగా సరిపోతుంది. నీవు కోయబోయేది 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డే కదా. ఇనుము కోసే చేతి గ్రైండరుకు చెక్క బ్లేడు బిగిస్తే డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే మాత్రం వినకు. దానికి చెక్క మీద ఆనించి నడిపే అడుగు ప్లేటు ఉండదు, పళ్లు చెక్కలో చిక్కితే అది చేతిలోంచి ఎగిరి మీదికి వస్తుంది.

సికింద్రాబాదు రాణిగంజ్‌లో దుకాణాలు చాలా ఉన్నాయి కనుక, పెట్టె విప్పి చూపించేవారి దగ్గరే కొను. రంపాన్ని కౌంటరు అద్దం మీద నిలబెట్టి, అడుగు ప్లేటు నాలుగు మూలలనూ ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూడు. ఏ మూలైనా టకటకమంటే అది వద్దు. నా మొదటి రంపానికి పలుచని రేకు ప్లేటు ఉండేది. ఒకసారి బల్ల మీది నుంచి జారిపడి వెంట్రుకవాసి వంగింది. ఆ తరువాత ఏడాది పాటు ఏ చెక్క కోసినా మూలమట్టానికి కుదరలేదు, నేనేమో నా చేతినే నిందించుకున్నాను. మందమైన పోత అల్యూమినియం ప్లేటు ఉన్నదానికి కొంత ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

తరువాత బ్లేడు అడుగు భాగాన్ని కప్పే కింది గార్డును వెనక్కి లాగి వదులు, అది ఆగకుండా చప్పున మూసుకోవాలి. ప్లగ్గు పెట్టకుండానే బ్లేడును పట్టుకుని పక్కలకు కదిపి చూడు. ఊగితే బేరింగు దగ్గర లోపం ఉన్నట్టే.

రంపం ఎన్నాళ్లు మన్నుతుందన్నది ఎక్కువగా మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల మీద ఆధారపడి ఉంటుంది. మోటారుకు రెండు వైపులా స్క్రూడ్రైవరుతో విప్పగలిగే మూతలు ఉంటే, అరిగిన బ్రష్‌లను ఇంట్లోనే మార్చుకోవచ్చు. అరిగినవాటితోనే నడిపిస్తే నిప్పురవ్వలు పెరిగి, ఆ తిరిగే భాగం, అంటే ఆర్మేచర్ దాకా కాలిపోతుంది; అప్పుడు మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరవుతుంది. ఈ మోడలుకు బ్రష్‌లు, ఆర్మేచర్ ఇక్కడ దొరుకుతాయా అని అడుగు. కంపెనీకి పంపి తెప్పించాలి అంటే, ధర ఎంత తక్కువైనా మరొకటి చూడు.

పెట్టెలో వచ్చే బ్లేడుకు సాధారణంగా 24 పళ్లుంటాయి. దానితో ప్లైవుడ్డు కోస్తే అంచు చిట్లుతుంది కనుక, కార్బైడ్ అనే గట్టి పదార్థపు పళ్లు 40 గానీ అంతకు మించి గానీ ఉన్నది వేరుగా తెచ్చుకో. కోసేటప్పుడు పళ్లు కింది నుంచి పైకి వస్తాయి, అందుచేత నునుపైన వైపును కిందికి పెట్టాలి. మొద్దుబారిన బ్లేడును బలవంతంగా నెడితే మోటారు వేడెక్కి లోపలి తీగచుట్ట, అంటే వైండింగు, కాలే వాసన వస్తుంది; ఆ వాసన తగిలిన క్షణమే ఆపు. సన్నని, పొడవైన ఎక్స్‌టెన్షన్ వైరు వల్ల వోల్టేజీ పడిపోయినా అదే జరుగుతుంది, కాబట్టి కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడు. గార్డుకు పుల్ల అడ్డంపెట్టి తెరిచి ఉంచే పని మాత్రం నీవు చేయవద్దు. అలా చేసే వడ్రంగులను నేను చూశాను, వారి వేళ్లనూ చూశాను.

బిల్లు మీద మెషీను సీరియల్ నంబరు వ్రాయించి, దుకాణం ముద్ర వేయించుకుని, దాని ఫోటో నాకు పంపించు.