పెట్రోలు వాసన వస్తే తాళం తిప్పకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పాత ఫైబర్ బోటు కొన్నావని అక్క ఫోన్లో చెప్పింది. లంక పిల్లల్ని అవతలి రేవుకి దింపడానికీ, సెలవుల్లో టూరిస్టులను తిప్పడానికీ పనికొస్తుందంది. సంతోషం. నువ్వు పంపిన వీడియో కూడా చూశాను, ఇంజను బాగానే పలుకుతోంది. కానీ చివర్లో ఎవరో "పెట్రోలు వాసన వస్తోందేంటి" అంటే, "పాత బోటు కదా, ఆ మాత్రం ఉంటుంది" అన్నావు. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు టెన్షన్‌గా ఉంది.

ఉండకూడదు రా. పాతదైనా కొత్తదైనా బోటులో పెట్రోలు వాసన వస్తోందంటే ఎక్కడో కారుతోందనే. అదెక్కడో దొరికేదాకా ఆ బోటు రేవు దాటకూడదు, ఒక్క మనిషిని కూడా ఎక్కించకూడదు.

నీ తప్పు కూడా కాదులే. నరసాపురం, అంతర్వేది వైపు మనం చూసిన బోట్లు ఎక్కువగా డీజిల్‌వి. డీజిల్ కారితే డెక్కు జిడ్డవుతుంది, కాలు జారుతుంది, తుడిచేస్తాం. పెట్రోలు అలా కాదు. గడ్డకట్టే చలిలో కూడా మండే ఆవిరి వదులుతుంది, ఇక మన మే నెల ఎండల సంగతి చెప్పాలా! గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు ఆవిరి కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. మోటారు సైకిల్ ట్యాంకు కారితే రోడ్డు మీద పడి గాలికి పోతుంది. బోటు మాత్రం తొట్టి. కారినదీ, దాని ఆవిరీ డెక్కు పలకల కింద చేరి అక్కడే ఉండిపోతాయి. నీ బోటులో బ్యాటరీ, నీళ్ళు తోడే పంపు కూడా ఆ పలకల కిందే ఉన్నాయి. వీడియోలో చూశాను.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పెట్రోలు బోటు వచ్చింది. పైపు క్లిప్పు వదులైతే బిగించాను, కారిన పెట్రోలు గుడ్డతో తుడిచాను. నిలబడి వాసన చూశాను, ఏమీ రాలేదు. సరేనన్నాను. సరంగు స్టార్టరు నొక్కాడు. డబ్బా మూత ఎగిరినట్టు వెనక పలక లేచింది. ఆయన రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. వాసన చూడాల్సింది నిలబడి కాదు, పలక తీసి వంగి, ముక్కు బోటు అడుక్కి దగ్గరగా పెట్టి. ఆ రోజు నేను వంగలేదు. ఇన్నేళ్ళూ వంగకుండా ఏ పెట్రోలు ఇంజనూ స్టార్ట్ చేయలేదు, నువ్వూ చేయకు.

ఇక లీకు వెతకడం. ట్యాంకు నిండుగా పోసినప్పుడే వాసన వస్తే పైభాగం చూడు. పెట్రోలు పోసే లావు పైపు, దాని క్లిప్పులు, గేజి దగ్గరి వాషరు. ఎప్పుడూ వస్తుంటే అడుగు చూడాలి. నాకు ఎక్కువ అనుమానం అడుగు మీదే. అల్యూమినియం ట్యాంకు పైనుంచి చూస్తే వెండి కంచంలా మెరుస్తుంది. దాని కింద చెక్కో రబ్బరు ముక్కో పెట్టిన చోట నీళ్ళు ఆరవు. ఎండాకాలం ధవళేశ్వరం నుంచి దిగే నీళ్ళు తగ్గితే పోటుకి ఉప్పునీరు వశిష్ఠలో ఎంత పైకి ఎక్కుతుందో నీకు తెలుసు. ఆ ఉప్పు చెమ్మ అక్కడే కూర్చుని ట్యాంకుని బయటి నుంచి తినేస్తుంది. రబ్బరు ముక్క తీస్తే తెల్లగా సున్నంలాంటి పొడి కనిపిస్తుంది. గోటితో గీకి చూడు, కింద ఆవగింజంత గుంట ఉంటుంది. ఆ గుంటలో తడి మెరిస్తే ట్యాంకు పని అయిపోయినట్టే.

చిల్లు మూయడానికి సబ్బు రాయకు, ఎం-సీల్ పెట్టకు. ఒక చోట చిల్లు పడిందంటే పక్కన ఇంకో పది చోట్ల పడటానికి సిద్ధంగా ఉంటాయి. వెల్డింగ్ షాపుకైతే అసలు తీసుకెళ్ళకు. ఖాళీ ట్యాంకులో పెట్రోలు ఉండదు గానీ ఆవిరి ఉంటుంది, నిండు ట్యాంకు కంటే అదే ప్రమాదం. డబ్బు ఇబ్బందైతే నేను సర్దుతాను, కొత్త ట్యాంకే వేయిద్దాం. బిగించే ముందు 3 పీఎస్ఐ మించకుండా గాలి పట్టి, అతుకుల మీద సబ్బు నీళ్ళు రాసి చూస్తాం.

పైపులు కూడా అన్నీ మార్చాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు దానికి మెత్తబడి పగుళ్ళిస్తుంది. పైగా ఇథనాల్ గాల్లో చెమ్మని పీలుస్తుంది. వరద రోజుల్లో బోటు నెలల తరబడి కట్టేసి ఉంచితే, నీరు కలిసిన ఇథనాల్ విడిపోయి ట్యాంకు అడుక్కి దిగి లోపలి నుంచి తింటుంది. పాత పెట్రోలు అలా వదిలేయకు. షాపువాడు సన్న ప్లాస్టిక్ పైపు చూపించి ఇదే సరిపోతుందంటాడు, తీసుకోకు. బోటు పెట్రోలుకి చేసిన పైపే అడుగు. లావు పైపుకి ప్రతి కొసనా రెండేసి స్టీలు క్లిప్పులు వెయ్యి.

పెట్రోలు పోసేటప్పుడు జనం ఒడ్డున ఉండాలి. అంచుదాకా పోయకు, ఎండకి పెట్రోలు వ్యాకోచిస్తుంది. పోశాక పలకలు తీసి, గాలాడనిచ్చి, వంగి వాసన చూసి, అప్పుడే తాళం.

మంటలార్పే పౌడరు సిలిండరు ఒకటి చేతికందేలా పెట్టు. నీళ్ళు పోస్తే పెట్రోలు వాటి మీద తేలి మంట ఇంకా పాకుతుంది. చుట్టూ గోదారే కదా అనుకోకు. 2018 మే నెలలో దేవీపట్నం దగ్గర పాపికొండల బోటు నీళ్ళ మధ్యే తగలబడింది. ఒడ్డుకి చేర్చబట్టి జనం బతికారు. పిల్లలకి లైఫ్ జాకెట్లు చేతికివ్వడం కాదు, తొడిగి బిగించాలి.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది చెప్తాను. బోటు జనం లేని చోట కట్టు. పలకలన్నీ తీసి గాలాడనివ్వు. పంపు స్విచ్చి ముట్టుకోకు. బ్యాటరీ వైరు కూడా ఇప్పుడే లాగకు, ఊడేటప్పుడే నిప్పురవ్వ వస్తుంది. అడుగున వాసన పూర్తిగా పోయాకే విప్పు. ట్యాంకులో ఉన్నది నోటితో పీల్చి తీయకు, చేతిపంపు నా దగ్గర ఉంది. ఆదివారం మొదటి బస్సుకి బయల్దేరతాను. రేవులో ఉండు, అంతవరకూ తాళం అక్క దగ్గర పెట్టు.

మీ మామయ్య