ఛాతీ డాక్టరమ్మ జవాబులు: ‘మా నాన్న మీద ప్రయోగమా?’

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాన్నగారికి 66 ఏళ్లు. ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు. ఏడాదిన్నరగా పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. సీటీ స్కాన్ చూసి ఐపీఎఫ్ అన్నారు, ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడిపోయే జబ్బట. నింటెడానిబ్ వాడుతున్నాం. ఇప్పుడు హైదరాబాద్‌లో చూపిస్తున్న డాక్టరు గారు ఒక కొత్త మందు మీద క్లినికల్ ట్రయల్ జరుగుతోందని, చేరతారా అని అడిగారు. పాత మందు ఆపరట. కానీ దాంతోపాటు ఇచ్చేది కొత్త మందో డమ్మీ మాత్రో మాకే కాదు, డాక్టరుకి కూడా తెలియదట! పద్దెనిమిది పేజీల ఫారం ఇచ్చారు. అందులో నామినీ పేరు రాయమన్నారు. అది చూసి మా అన్నయ్య “నాన్నేమైనా ప్రయోగశాల ఎలుకా?” అని ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. మావారేమో “మందులు, పరీక్షలు ఫ్రీ కదా” అంటారు. మధ్యలో నాకు టెన్షన్‌తో నిద్ర లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ నామినీ సంగతి తేల్చేద్దాం తల్లీ. సగం కుటుంబాలు ఫారం మీద అక్కడే ఆగిపోతాయి. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం సమ్మతి పత్రంలో నామినీ పేరు, చేరే మనిషి వృత్తి, ఏడాది ఆదాయం రాయించాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే పరిహారం ఇవ్వాల్సి వస్తుంది కనుక ఆ వివరాలు. బ్యాంకులో ఖాతా తెరిచినా నామినీ అడుగుతారు, దాన్ని అపశకునం అనుకోం కదా. ఆ గడి లేని ఫారం ఇస్తేనే నేను అనుమానిస్తాను.

ఇక డమ్మీ మాత్ర, అంటే చూడ్డానికి మందులాగే ఉండి లోపల మందు లేనిది. మీ అన్నయ్య కోపమంతా దాని మీదే అనుకుంటాను. దీనికి నా సొంత కథ ఒకటి చెప్పాలి, గొప్పగా చెప్పుకునేదేం కాదు.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో ఈ జబ్బుకి పనిచేస్తుందని రుజువైన మందు ఒక్కటీ లేదు. వీపు మీద, కింది వైపున స్టెతస్కోపు పెడితే వెల్‌క్రో పట్టీ ఊడదీసినట్టు చరచరమని వినిపిస్తుంది. ఆ చప్పుడు విని, ఎక్స్‌రే చూసుకుని, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్, రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ రాసేసేదాన్ని. తర్వాత వాటికి ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే మూడో మందు కూడా తోడైంది. ఊపిరితిత్తిలో వాపు వల్లే మచ్చ కడుతోంది, వాపు తగ్గిస్తే మచ్చ ఆగుతుంది అని లెక్క. వినడానికి బాగుండేది. పెద్ద పెద్ద వాళ్లంతా అదే రాసేవారు.

నా దగ్గరికి ఒక తెలుగు మాస్టారు వచ్చేవారు. మందులు మొదలుపెట్టిన మూడు నెలలకి మొహం గుండ్రంగా నిండింది. “మనిషి కాస్త ఒళ్లు చేశారండీ” అని వాళ్లావిడ సంతోషపడింది. అది ఒళ్లు కాదు, స్టెరాయిడ్ వల్ల వచ్చిన ఉబ్బు. షుగరు కూడా పెరిగింది. ఏడాది తిరక్కుండా ఇన్‌ఫెక్షన్ వచ్చి పోయారు. “జబ్బే అలాంటిదమ్మా” అని ఆవిడకి చెప్పాను. నిజమనే నమ్మి చెప్పాను.

తర్వాత అమెరికాలో పాంథర్ అనే ట్రయల్ చేశారు. ఆ మూడు మందులూ కలిపి 77 మందికి, డమ్మీ మాత్రలు 78 మందికి. ట్రయల్ సగంలో ఉండగా భద్రత చూసే కమిటీ లెక్కలు తీసింది. మూడు మందులు వేసుకున్నవాళ్లలో 8 మంది చనిపోయారు, డమ్మీ వేసుకున్నవాళ్లలో ఒక్కరు. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు అటు 23 మంది, ఇటు 7 మంది. 2011 అక్టోబరులో ఆ భాగాన్ని అక్కడికక్కడే ఆపేశారు. 2012లో వ్యాసం అచ్చయ్యాక చదివి, నా పాత ఓపీ రిజిస్టర్లు తెప్పించుకుని, అలా ఎంతమందికి రాశానో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపేశాను.

ఆ ట్రయల్‌లో డమ్మీ వచ్చినవాళ్ల ఇళ్లలో కూడా మీ అన్నయ్యలాంటి వారు ఉండే ఉంటారు, అన్యాయం జరిగిందని అనుకునే ఉంటారు. ఎవరికి ఏ మాత్ర వెళ్తోందో డాక్టరుకి తెలియకూడదనేది కూడా ఇందుకే. నాకు తెలిసి ఉంటే, నా మందు మీద నాకున్న నమ్మకంతో మాస్టారి ఉబ్బుని కూడా ‘మెరుగు’ అని రాసేదాన్ని.

మీ నాన్నగారు రోజూ వేసుకుంటున్న నింటెడానిబ్ కూడా ఇలా వచ్చిందే. ఇంపల్సిస్ అనే జంట ట్రయల్స్‌లో 1,066 మంది చేరారు. ఫలితాలు 2014లో వచ్చాయి. మొదటిదానిలో డమ్మీ వాళ్లు గట్టిగా ఊదగలిగే గాలి ఏడాదికి 240 మిల్లీలీటర్ల దాకా తగ్గితే, మందు వాళ్లకి 115 దాకా తగ్గింది. తేడా ఒక టీ గ్లాసుడు ఊపిరి. జబ్బు ఆగలేదు, నెమ్మదించింది. ఆ టీ గ్లాసు మీ నాన్నగారికి దక్కుతోందంటే, ఎవరో నాలుగు వందల మందికి పైగా ఏడాదిపాటు డమ్మీ మాత్ర మింగడానికి ఒప్పుకున్నారు కనుకే.

ఇంత చెప్పానని చేర్పించెయ్యమన్నట్టు కాదు. ట్రయల్ అంటే వైద్యం కాదు, ప్రశ్న. జవాబు ‘పనిచేయదు’ అని కూడా రావచ్చు. మీవారు చెప్పే ఫ్రీ కూడా అందులో రాసినంత వరకే. నింటెడానిబ్ ఖర్చు వాళ్లు పెడతారో మీరు పెట్టుకోవాలో ఫారంలో చూడండి. కొత్త మందుకి, దానికోసం చేసే పరీక్షలకి డబ్బు కట్టమంటే మాత్రం వెనక్కి వచ్చేయండి. ఎన్నిసార్లు రావాలో కూడా చూడండి. ఆయాసమున్న మనిషిని తెనాలి నుంచి హైదరాబాద్ నెలనెలా రైల్లో తీసుకెళ్లడమంటే మాటలు కాదు, రానుపోను ఖర్చులిస్తారా అని మొహమాటపడకుండా అడగండి. ట్రయల్‌కి సీటీఆర్‌ఐ నంబరు ఉండాలి. మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదయ్యే జాబితా అది, నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ట్రయల్‌లో చేరినవాళ్ల హక్కులు, క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ వాళ్ల ఫోన్ నంబరు ఫారం మీద ఉంటుంది, దానికి ఒకసారి ఫోన్ చేసి చూడండి, ఎవరైనా ఎత్తుతారో లేదో. ఎప్పుడు కావాలంటే అప్పుడు, కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. వచ్చినందుకు మామూలు వైద్యం ఆపకూడదు. ఫారం తెలుగులో లేకపోతే తెలుగుది తెప్పించుకోండి, అది మీ హక్కు.

అసలు సంగతి ఇంకోటుంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నయ్య మాట ఉంది, మీవారి మాట ఉంది, మీ నిద్రలేమి ఉంది. నాన్నగారు ఏమన్నారో ఒక్క ముక్క లేదు. జబ్బు సంగతి ఆయనకి పూర్తిగా చెప్పారా? ‘ఊపిరితిత్తుల్లో కాస్త నెమ్ము’ అని సర్దిచెప్పి ఉంటే, అలా పెట్టించిన సంతకానికి విలువ లేదు. అన్నేళ్లు బస్సునిండా జనాన్ని గమ్యం చేర్చిన మనిషి, పద్దెనిమిది పేజీలు వినలేరా? రోజుకి మూడు నాలుగు పేజీలు చదివి వినిపించండి. మధ్యలో ఆయన అడిగే ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి ఆయన్నే వెళ్లనివ్వండి. మీ అన్నయ్య బయట కూర్చుంటాడు.

ప్రశ్న: మా తాతగారు 1950లలో టీబీతో ఆరోగ్యవరం శానిటోరియంలో ఏడాదిన్నర ఉన్నారట. నాయనమ్మ చంకలో పిల్లతో వెళ్లి దూరం నుంచి చూసి వచ్చేదట. ఇప్పుడు మా తమ్ముడికి టీబీ అని తేలితే మాత్రలిచ్చి ఇంటికి పంపించేశారు. “ఇంట్లో పిల్లలున్నారు, ఎక్కడైనా చేర్పించండి” అని అమ్మ పోరుతోంది. ఇంట్లో ఉంచడం ప్రమాదం కాదా?
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: మీ అమ్మగారి ప్రశ్ననే 1956లో మద్రాసులో ట్రయల్ పెట్టి తేల్చారు. శానిటోరియంలో పడకలు కొన్నే, రోగులు లెక్కలేనంతమంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి అక్కడ ఒక కేంద్రం తెరిచాయి. డాక్టర్ వాలెస్ ఫాక్స్ ఆ పనికి నాయకుడు. నగరంలోని పేదల్లో 193 మందిని తీసుకుని, చీటీలు వేసినట్టుగా కొందరిని శానిటోరియంకి, కొందరిని ఇళ్లకి పంపించారు. మందులు ఇద్దరికీ అవే, ఐసోనియాజిడ్, పాస్. పాస్ అంటే రోజుకి గ్రాముల లెక్కన మింగాల్సిన మందు, కడుపులో తిప్పేసేది. ఇంట్లో ఉన్నవాళ్లు నిజంగా వేసుకుంటున్నారా అని చెప్పాపెట్టకుండా ఇంటికెళ్లి మూత్రం పరీక్ష చేసేవారు.

శానిటోరియం వాళ్లకి మంచి తిండి, గాలి, విశ్రాంతి. ఇళ్లలో వాళ్లకి ఇరుకు గది, అంతంతమాత్రం తిండి. ఏడాది తర్వాత చూస్తే జబ్బు అణిగినవాళ్లు శానిటోరియంలో 92 శాతం, ఇళ్లలో 86 శాతం. 1959లో ఇది అచ్చయినప్పుడు వైద్యలోకానికి మింగుడు పడలేదు. తర్వాత కుటుంబాలని ఐదేళ్లపాటు గమనించారు. రోగి ఇంట్లో ఉన్నందువల్ల ఇంట్లోవాళ్లకి టీబీ ఎక్కువగా రాలేదు. ఎందుకంటే, అంటుకోవడం చాలామటుకు జబ్బు బయటపడక ముందే జరిగిపోతుంది. మందులు పడ్డాక ఆ బెడద త్వరగా తగ్గిపోతుంది. ఆ కేంద్రమే ఇప్పుడు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

కనుక తమ్ముణ్ణి ఇంట్లోనే ఉంచండి. మొదటి కొన్ని వారాలు గాలి వెలుతురు ఉన్న గదిలో వేరుగా పడుకోబెట్టండి, దగ్గేటప్పుడు మూతికి గుడ్డ ఉండాలి. మీ ఇంట్లో చిన్నపిల్లలతో సహా అందరికీ టీబీ పరీక్ష చేయించండి, ఇది మాత్రం వాయిదా వేయకండి. కంచం, గ్లాసు వేరు చేయక్కర్లేదు. మీ నాయనమ్మగారు ఆ పిల్లని చంకనేసుకుని ఆరోగ్యవరం వెళ్లిన రోజులకీ మీ తమ్ముడి మాత్రల పెట్టెకీ మధ్యనున్నది ఆ 193 మందే అని మీ అమ్మగారికి చెప్పి చూడండి. ఒప్పుకోకపోతే నాకు ఇంకో ఉత్తరం రాయండి.

ప్రశ్న: ఊపిరితిత్తుల పరీక్షని నన్ను గొట్టంలో ఊదమన్నారు. అయిదుసార్లు ఊదించారు. నేను సరిగా ఊదలేదనా, మెషీన్ బాగాలేదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండూ కాదు. మీరు ఊదిన ఆ పరీక్ష పేరు స్పైరోమెట్రీ. అందులో పనికొచ్చే ఊదుళ్లు కనీసం మూడు కావాలి, వాటిలో బాగా వచ్చిన రెండూ దాదాపు ఒకేలా ఉండాలి. అందాకా ఊదిస్తూనే ఉంటారు, ఎనిమిది దాకా వెళ్లినా ఆశ్చర్యం లేదు. “ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా” అని టెక్నీషియన్ అరుస్తాడు, కోపగించుకోకండి, అది అతని ఉద్యోగం. ఈసారి వెళ్లేటప్పుడు కడుపునిండా టిఫిన్ చేయకండి, బెల్టు వదులు చేసుకోండి. పళ్ల సెట్టు బిగుతుగా ఉంటే తీయక్కర్లేదు, అది ఉంటేనే పెదాలు గొట్టం చుట్టూ బాగా మూసుకుంటాయి.