‘ఉతికి ఆరేయాలి’ అన్నందుకు పోలీసు నోటీసు

ప్రశ్న: మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. జెరాక్స్ షాపు నడుపుతాను. మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్ళలో మునిగిన పొలాలకు పరిహారం కోసం రైతులు ధర్నా చేస్తే పోలీసులు లాఠీలతో తరిమారు. ఆ రాత్రి ఊరి వాట్సాప్ గ్రూపులో నా అభిప్రాయం తెలుగులో రాశాను. ‘ఇలాంటి అధికారులను ఉతికి ఆరేయాలి’ అన్నాను. పొద్దున భయమేసి అందరి ఫోన్లలోంచీ డిలీట్ చేశాను. నాలుగు రోజులకు సెక్షన్ 353 అంటూ వాట్సాప్‌లోనే నోటీసు వచ్చింది. నక్సల్ కేసు అంటగడతారని ఇంట్లో ఒకటే ఏడుపు. గ్రూపు అడ్మిన్ మా అన్న కొడుకు, వాణ్ణీ లాగుతారా? ఫోను ప్రాణహితలో పారేసి, మాఫీనామా వీడియో పెట్టేస్తే గొడవ వదులుతుందని మా బావమరిది అంటున్నాడు. మూడేళ్ళు గడిస్తే కేసు దానంతటదే పోతుందని కూడా విన్నాను. నేను దేశద్రోహినా?

జవాబు: దేశద్రోహం మాట నోటీసులో లేదు, ఇంట్లో వాళ్ళ నోట్లోంచి వచ్చింది. మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. లాఠీ ఎవరి వీపు మీద పడిందో, మీ అమ్మగారు ఎన్ని రోజులుగా అన్నం ముట్టలేదో అంతా రాశారు. కేసును తేల్చేది మాత్రం మీరు గ్రూపులో రాసిన ఆ ఒక్క వాక్యం, అందులోనూ ఒక్క క్రియ.

తెలుగువాడికి ‘ఉతికి ఆరేయడం’ అంటే మాటలతో కడిగి పారేయడం. ‘సభలో మంత్రిని ఉతికి ఆరేసిన ప్రతిపక్షం’ అని పేపర్లో చదివి ఎవరూ ఆస్పత్రికి ఫోన్ చెయ్యరు. కానీ మీ ఫైలు నడిచేది మరాఠీలో. అనువాదం చేసినాయన ‘బదడాయలా పాహిజే’, అంటే చితక్కొట్టాలి, అని రాసి ఉంటే జడ్జిగారి ముందుకు వెళ్ళేది అభిప్రాయం కాదు, అధికారులను కొట్టమన్న పిలుపు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన న్యాయ సంహిత సెక్షన్ 353 చూసేది సరిగ్గా దాన్నే: జనంలో భయం పుట్టించి, ప్రశాంతతకు భంగం కలిగించే నేరానికి ఎవరినైనా పురికొల్పే మాటా, కాదా అని.

ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా, హింసకు ఉసిగొల్పనంత వరకు రాజద్రోహం కాదని 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. మన రాష్ట్రంలోనే కొల్హాపూర్ జిల్లాలో ఒక ప్రొఫెసర్, ఆర్టికల్ 370 రద్దు చేసిన రోజును బ్లాక్ డే అని వాట్సాప్ స్టేటస్ పెడితే వర్గాల మధ్య వైరం పెంచాడంటూ పాత ఐపీసీ 153-ఎ కింద కేసు కట్టారు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మాటను తూచాల్సింది నిబ్బరమున్న మామూలు మనిషి చెవితో, ప్రతిదానికీ ఉలిక్కిపడేవాడి చెవితో కాదని చెప్పింది. ఇలాంటి మాటల కేసుల్లో, శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు ఉంటే, ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపడం సబబని 2025 మార్చిలో ఇంకో తీర్పు వచ్చింది. మీ విషయంలో జరిపారో లేదో మీ వకీలు మొదట అడగాల్సింది అదే.

ఇక మీ తొందరపాటు. డిలీట్ చేసి ఎవరిని కాపాడారు? ఫిర్యాది స్క్రీన్‌షాట్ ఫిర్యాది దగ్గర భద్రంగా ఉంది. పోయింది మీ సాక్ష్యమే. మీరే రాశారు, అంతకు ముందు మెసేజ్‌లో ‘గ్రామసభకు పిలిచి అడగాలి’ అన్నారట. దాని వెనకే వచ్చిన ‘ఉతికి ఆరేయాలి’కి అర్థం పసిపిల్లవాడికీ తెలుస్తుంది. ఆ మెసేజ్ కూడా మీరే చెరిపేశారు!

బావమరిది సలహా ఇంకా ప్రమాదం. డిలీట్ నోటీసుకు ముందు చేశారు కాబట్టి భయంతో చేశానని చెప్పుకోవడానికి చోటుంది. నోటీసు వచ్చాక ఫోను నదిలో వేస్తే సాక్ష్యాన్ని నాశనం చేసినట్టే. న్యాయ సంహిత సెక్షన్ 241 కింద మూడేళ్ళ దాకా శిక్ష, అంటే ఇప్పుడున్న కేసులో పడేదెంతో అంత. మాఫీనామా వీడియో అసలే వద్దు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని చట్టం మీకో గొడుగిచ్చింది. ‘రెచ్చగొట్టాను, క్షమించండి’ అని మీరే లోకానికి చెబితే ఆ గొడుగు విరిచి పారేసినట్టు.

మూడేళ్ళ లెక్క కూడా నమ్ముకోకండి. మూడేళ్ళ దాకా శిక్షపడే నేరాలకు కాలపరిమితి మూడేళ్ళే, నిజం. కానీ 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 514, లెక్కకు ఎఫ్ఐఆర్ నమోదైన తేదీనే తీసుకుంటుంది. మీ ఎఫ్ఐఆర్ వారంలోపే పడింది, ఎన్నాళ్ళు ఆగినా ఆ దారి మీకు లేదు.

గ్రూపులో ఎవరైనా మీ మెసేజ్‌ను పట్టుకుని రిప్లై ఇచ్చారేమో చూడండి. అసలు డిలీటైనా రిప్లై పైన దాని ముక్క మిగిలి ఉండొచ్చు. ఆ మనిషి ఫోను ముఖ్యం. చాట్ ఎక్స్‌పోర్ట్ తీయించి, సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్‌తో సిద్ధం చేయించండి. ఆ సర్టిఫికెట్ లేని ప్రింటవుట్లు, మీ షాపులో మీరే తీసినవైనా, కోర్టులో చిత్తుకాగితాలు. ఫిర్యాది స్క్రీన్‌షాట్‌కూ ఇదే రూలు.

నోటీసు నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద ఇచ్చింది, అంటే ప్రస్తుతానికి అరెస్టు అక్కర్లేదని వాళ్ళే అంటున్నారు. వాట్సాప్‌లో పంపకూడదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పిన మాట నిజమే, అలాగని ఇంట్లో కూర్చోకండి. వెళ్ళకపోతే అరెస్టుకు మీరే కారణం ఇచ్చినవారవుతారు. వకీలుతో వెళ్ళండి. మీ వాక్యాన్ని పంచనామాలో తెలుగులో, తెలుగు లిపిలో, ఉన్నదున్నట్టు రాయమనండి, అనువాదం దాని పక్కన. ఒప్పుకోకపోతే అదే అభ్యర్థన కాగితం మీద ఇచ్చి ముద్ర వేయించుకోండి. రేపు బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచిలో అదే సంహిత సెక్షన్ 528 కింద కేసు కొట్టేయమని అడిగేటప్పుడు ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది. ఫోను తీసుకుంటే ఐఎంఈఐ (ఫోను గుర్తింపు) నంబరు, సీలు పంచనామాలో ఉండాలి. అరెస్టు భయం ఎక్కువగా ఉంటే సెషన్స్ కోర్టులో 482 కింద ముందస్తు బెయిలు ఉంది.

అడ్మిన్‌ది చిన్న విషయం. ఇతరులు పెట్టిన మెసేజ్‌కు, ముందే కుమ్మక్కైతే తప్ప, అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని నాగపూర్ బెంచే 2021లో చెప్పింది.

నాలుగు పేజీల్లో నోటీసులో ఇచ్చిన హాజరు తేదీ మాత్రం రాయలేదు. దాటిపోయి ఉంటే ఈ రోజే కారణం రాసి, కొత్త తేదీ అడుగుతూ స్టేషన్‌కు స్పీడ్ పోస్టు పంపండి. రసీదు దాచుకోండి, డిలీట్ చేయకండి.