పాఠకుల కారు ప్రశ్నలు: ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 కొనాలా, 245 కొనాలా?

ప్రశ్న: ఉండేది నిజాంపేట, ఆఫీసు గచ్చిబౌలి. స్కోడా ఆక్టేవియాలో స్పీడు వెర్షన్ అయిన ఆర్‌ఎస్ కొనాలని ఎన్నాళ్ల నుంచో కోరిక, కొత్తది కొనే స్తోమత లేదు. ఇప్పుడు రెండు సెకండ్ హ్యాండ్ కార్లు చూశాను. ఒకటి 2018 ఆర్‌ఎస్ 230, హైదరాబాద్ రిజిస్ట్రేషన్, ఇద్దరు ఓనర్లు, 66 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది 2020 ఆర్‌ఎస్ 245, బెంగళూరు కారు, ఒకే ఓనర్, 31 వేలు తిరిగింది. ధరలో పది లక్షలకు పైనే తేడా ఉంది. అయినా కొత్త మోడల్ కదా అని మనసు 245 వైపే లాగుతోంది. మీరైతే ఏది తీసుకోమంటారు?

జవాబు: 230 తీసుకోండి. కాకపోతే 60 వేల దగ్గర డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు ఓనర్ చూపించగలగాలి. చూపించలేకపోతే ఆ కారు వదిలేసి ఇంకో 230 వెతుక్కోండి, అంతేగానీ ఆ కోపంలో వెళ్లి 245 కొనకండి.

ఎందుకో చెబుతాను. 230 మన దేశానికి 2017 ఆగస్టులో వచ్చింది, అప్పటి ధర 24.62 లక్షలు. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 230 పీఎస్ పవర్, 350 ఎన్ఎం టార్క్ (లాగే బలం), ఆరు గేర్ల డీఎస్‌జీ. 245 వచ్చింది 2020లో, 35.99 లక్షలకు, అదీ దేశం మొత్తానికి 200 కార్లే. దానికి 15 పీఎస్, 20 ఎన్ఎం ఎక్కువ, గేర్లు ఏడు. సున్నా నుంచి వందకు 230కి 6.8 సెకన్లు పడితే 245కి 6.6. నిజాంపేట నుంచి గచ్చిబౌలి వెళ్లేవాళ్లకు ఆ తేడా జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గరే కలిసిపోతుంది. 245లో నిజంగా చెప్పుకోదగ్గది ముందు చక్రాల మధ్య ఉండే ఎలక్ట్రానిక్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు లోపలి చక్రం ఊరికే తిరిగిపోకుండా పవర్‌ని బయటి చక్రానికి పంపిస్తుంది. అనంతగిరి ఘాట్ మీద అది ఎంత బాగుంటుందో నడిపినవాళ్లకే తెలుస్తుంది, ఆ సంగతి నేను కాదనను. దాని కోసం పది లక్షలు పెట్టగలిగితే, పెట్టాక కూడా బాధ లేకపోతే, 245 కొనుక్కోండి. కానీ మీ ఉత్తరం చదివితే మిమ్మల్ని లాగుతున్నది డిఫరెన్షియల్ కాదు, ఆర్‌సీ మీద ఉన్న 2020 అనే అంకె. ఆ అంకెకు పది లక్షలు చాలా ఎక్కువ.

పైగా 245 పూర్తిగా బయటి నుంచి దిగుమతి అయిన కారు, 230 ఔరంగాబాద్‌లో బిగించింది. మామూలు సర్వీసు సామాన్లకు ఇబ్బంది ఉండదు గానీ, 245కే ప్రత్యేకమైన బంపరో లైటో పగిలితే ఎదురుచూపులు తప్పవు. టైర్లు కూడా చూడండి, 245కి 18 అంగుళాల చక్రాలు, 40 ప్రొఫైల్ టైర్లు, అంటే టైరు గోడ ఎత్తు తక్కువ. వానాకాలంలో మన గుంతలకు వాటి పక్కలు ఉబ్బుతాయి, రిమ్ములు వంగుతాయి. 230కి 17 అంగుళాలే, టైరు గోడ కాస్త ఎత్తు. రెండూ మామూలు ఆక్టేవియా కంటే కిందికే ఉంటాయి కాబట్టి ఏది చూసినా ర్యాంపు మీద పెట్టించి అడుగుభాగం చూడకుండా ఊరుకోవద్దు. కాలనీల్లో ఎవరికి వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఆ ఇంజిన్ కింది కవర్ మీద ఏం రాశాయో అక్కడే కనిపిస్తుంది.

బెంగళూరు కారుకు ఇంకో ఖర్చు ఉంది, దాన్ని చాలామంది లెక్కలో వేసుకోరు. ఫారం 28 మీద అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కారు వయసును బట్టి తగ్గుతుంది నిజమే, కానీ 36 లక్షల కారు కాబట్టి తగ్గాక కూడా లక్షల్లోనే ఉంటుంది. కర్ణాటకలో కట్టిన ట్యాక్స్‌లో కొంత వెనక్కి రావడానికి దరఖాస్తు చేసుకోవచ్చు, అయితే అది తిరగాల్సిన పని, ఆ డబ్బు ఎవరికి చెందాలో బేరంలోనే తేల్చుకోండి. ‘కర్ణాటక నంబర్ మీదే తిప్పండి సార్, ఏం కాదు’ అని కన్సల్టెన్సీ వాళ్లు అంటారు. వినకండి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే కారును ఆ రాష్ట్రానికి మార్పించుకోవాలని చట్టమే చెబుతోంది.

ఇక 230 దగ్గరికి వద్దాం. ఇందులో ఉన్నది ఆయిల్‌లో మునిగి ఉండే తడి క్లచ్ డీఎస్‌జీ. అదే కాలం నాటి 1.8 ఆక్టేవియాలో ఏడు గేర్ల పొడి క్లచ్ బాక్స్ ఉండేది, మన ఎండకీ ట్రాఫిక్‌కీ వేడెక్కి దాని మెకాట్రానిక్ యూనిట్లు (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్లు) పోయిన కథలు మీరు వినే ఉంటారు. ఆ భయం 230కి తగిలించకండి. ఇది గట్టిది, కాకపోతే ఆయిల్ సమయానికి పడాలి, అందుకే ఆ బిల్లు అంత గట్టిగా అడగమంటున్నాను. ఇంజిన్‌కు టైమింగ్ బెల్ట్ కాదు, చైన్. చూడాల్సింది థర్మోస్టాట్, వాటర్ పంపు కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్. వేడికి అది కారడం ఈ ఇంజిన్లలో అందరికీ తెలిసిన జబ్బు. టార్చ్ వేసి చూస్తే ఆరిపోయిన గులాబీ రంగు కూలెంట్ మరకలు దొరుకుతాయి. కారు చూడటానికి వెళ్లేది పొద్దున్నే వెళ్లండి, మీరు వెళ్లేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. చల్లటి ఇంజిన్ మొదటి నిమిషంలో చేసే చప్పుడు, బాగా వేడెక్కాక వినపడకపోవచ్చు.

రీమ్యాప్ సంగతి, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చారా అన్నది, సూటిగా అడగండి. ఆర్‌ఎస్ కొన్నవాళ్లలో చాలామంది పవర్ పెంచుకుంటారు, అమ్మేముందు మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేయించేవాళ్లూ ఉంటారు. కంపెనీ స్కానర్‌లో మార్చిన ఆనవాలు చాలావరకు తెలుస్తుంది. ఆ స్కాన్‌లోనే గేర్‌బాక్స్, ఏబీఎస్ మాడ్యూళ్లలో ఎన్ని కిలోమీటర్లు నమోదయ్యాయో చూపించమనండి, మీటర్ తిప్పి ఉంటే అక్కడ లెక్క తప్పుతుంది.

అన్నిటికంటే నాకు ఎక్కువ భయం నీళ్లలో మునిగిన కారంటే. 2020 అక్టోబరు వరదలో టోలిచౌకి నదీం కాలనీలో, సరూర్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో మనందరం చూశాం. అప్పటికి మీరు చూస్తున్న 230 ఈ ఊళ్లోనే తిరుగుతోంది. సెల్లార్‌లో పెట్టిన కారైతే పైన గీత కూడా ఉండదు. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద మరక అక్కడ దాక్కుంటుంది. సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద వాసన, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట కూడా చూడాలి. 2020 చివర్లో పెద్ద క్లెయిమ్ ఏదైనా ఉందా అని ఓనర్‌తో ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టించి రాతపూర్వకంగా తెప్పించుకోండి. మొహమాటపడకండి. మునిగిన కారు వైరింగ్ ఏ రోజు ఏది ఆపుతుందో ఎవరూ చెప్పలేరు.

రెండు కార్లూ 2023 ఏప్రిల్ ముందువే కాబట్టి మన దగ్గర ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) కోసం తయారైనవి కావు. పెట్రోల్ పైపులు, రబ్బర్లు చూపించుకుని, మొదటి ఏడాది మరమ్మతుల కోసం కొంత డబ్బు విడిగా పెట్టుకోండి. లోన్ ఉన్న కారైతే లోన్ తీరిపోయిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పెండింగ్ చలాన్లు కూడా ముందే కట్టించండి.

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. ఇలాంటి పాత స్పీడు కారే కావాలని పట్టుబడుతున్నాడు. కొత్తది, మామూలు కారు కొనుక్కోరా అంటే వినడం లేదు. టెన్షన్‌గా ఉందండీ. (ఒక అమ్మ, కూకట్‌పల్లి)

జవాబు: అమ్మా, మీ భయంలో తప్పేం లేదు. ఏడు సెకన్లలోపు వందకు చేరే కారు అది, ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించే గరిష్ఠ వేగమే 120. కానీ ఈ కారు నిలకడగా ఉంటుంది, మంచి బ్రేకులున్నాయి. ప్రమాదమంతా అరిగిన టైర్లతో, అరిగిన బ్రేకులతో దాన్ని నడపడంలో ఉంది. వద్దు అని గొడవపడటం కంటే కొన్ని షరతులు పెట్టండి. కొన్న వారంలోనే నాలుగు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు చెక్ చేయించాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం, అంత పాతవైతే అరగకపోయినా మార్చాల్సిందే. రీమ్యాప్ చేయించనని మాట తీసుకోండి. ఇన్సూరెన్స్ తన పేరు మీదకు 14 రోజుల్లోపు మార్పించుకోమనండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ అతనితోనే పోతుంది కాబట్టి ప్రీమియం కాస్త పెరుగుతుంది, దానికీ సిద్ధంగా ఉండమనండి.

ప్రశ్న: 2011 స్కోడా లారా ఆర్‌ఎస్ చవగ్గా వస్తోంది. అదీ ఆర్‌ఎస్సే కదా, తీసుకోవచ్చా? (ఉప్పల్ నుంచి)

జవాబు: పేరు అదే గానీ మన దగ్గర దానికి పెట్టింది 1.8 ఇంజిన్, 160 పీఎస్. విదేశాల్లో అమ్మిన 200 పీఎస్ కారు కాదది. ఆరు గేర్ల మాన్యువల్ కాబట్టి నడపడంలో సరదా మాత్రం బోలెడుంది. అయితే ఆ కాలపు ఇంజిన్లకు ఆయిల్ తాగే గుణం, టైమింగ్ చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనర్ జబ్బు ఉన్నాయి. టెన్షనర్ మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. పైగా 2011 కారుకు 2026లో 15 ఏళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. అది అయిపోయిన కారు దొరికితేనే బేరానికి కూర్చోండి.