పాఠకుల ప్రశ్నలు: వాసన పోయిన గులాబీ బిళ్ళలు

ప్రశ్న: మా నాన్నగారి ఆల్బమ్‌లో 2007 నాటి గులాబీల తపాలా బిళ్ళలు నాలుగున్నాయి. చిన్నప్పుడు వాటిని రుద్దితే గులాబీ వాసన వచ్చేది. ఇప్పుడు ఎంత రుద్దినా రావడం లేదు. అవి నకిలీవా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: వాసన పోయినంత మాత్రాన నకిలీవని అనుకోనక్కరలేదు, మీరు చిన్నప్పుడు అంత ఇష్టంగా రుద్దడమే అందుకు ఒక కారణం కావచ్చు. ఇటువంటి బిళ్ళలపై సుగంధ తైలాన్ని కంటికి ఆననంత చిన్న గుళికలలో బంధించి పూతగా పూస్తారు. వేలితో రుద్దినప్పుడల్లా కొన్ని గుళికలు చితికి పరిమళం బయటపడుతుంది, చితికిన గుళిక మళ్ళీ నిండదు. ముట్టుకోకుండా దాచినా, మన ఎండలకు ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తైలం ఎంతో కొంత ఆవిరవుతూనే ఉంటుంది. మన తపాలా శాఖ 2006 డిసెంబరు 13న 15 రూపాయల చందనపు బిళ్ళతో ఈ ప్రయోగం మొదలుపెట్టి, మరుసటి ఏడాది గులాబీని, 2008లో మల్లెను, 2017లో 100 రూపాయల విలువతో కాఫీని తెచ్చింది. ఆల్బమ్‌ను చల్లని, పొడి చోట ఉంచండి. బిళ్ళలను నీళ్ళలో నానబెట్టవద్దు, అత్తరు పూయాలన్న ఆలోచన అసలే వద్దు.

నన్నడిగితే, వీటన్నిటికంటే గొప్ప ఆలోచన బ్రెజిల్‌ది. అడవులలో మంటలను నివారించమని చెప్పడానికి ఆ దేశం 1999లో కాలిన కట్టె వాసన వచ్చే బిళ్ళలు వేసింది. అక్కడ వాసన అలంకారం కాదు, విషయమే అది. పోర్చుగల్ 2007లో కార్కుతోనే బిళ్ళ చేసింది. చెట్టును నరకకుండా, సుమారు తొమ్మిదేళ్ళకోసారి బెరడు మాత్రమే ఒలిచి తీసే సరుకు కనుక ఆ ఎంపికకూ అర్థముంది.

ప్రశ్న: మా వీధివారమంతా కలిసి పెంచిన వేప, కానుగ చెట్లపై తపాలా బిళ్ళ వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వేయించుకోవచ్చు. 2011లో మొదలైన ‘మై స్టాంప్’ పథకంలో, రుసుము చెల్లిస్తే, మీరిచ్చిన ఛాయాచిత్రాన్ని తపాలా బిళ్ళ పక్కనే ముద్రించి 12 బిళ్ళల షీటుగా ఇస్తారు. వాటిని ఉత్తరాలకు అంటించవచ్చు కూడా. వివరాలు ప్రధాన తపాలా కార్యాలయంలోని ఫిలాటెలీ (తపాలా బిళ్ళల సేకరణ) కౌంటరులో తెలుస్తాయి. అయితే ఇది, 1900 తర్వాత ఎవరికీ కనబడక 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికిన కలివికోడి అనే పక్షికి 1988లో తపాలా శాఖ వేసిన బిళ్ళ వంటిది కాదు. అటువంటి వాటిని సలహా సంఘం పరిశీలించి ఎంపిక చేస్తుంది. ఒక వీధి చెట్లకు ఆ గౌరవం దక్కడం కష్టమే.

ఛాయాచిత్రం విషయంలో మాత్రం ఒక సూచన. బొటనవేలి గోరంత చోటులో చెట్ల వరుస మొత్తం ఇమిడిస్తే పచ్చటి మరకలా కనిపిస్తుంది. ఉగాది దాకా ఆగి, పూతకు వచ్చిన ఒక్క వేపకొమ్మను దగ్గరగా తీయించండి.