పాటిమట్టి పట్టిచ్చిన రైతు ఇల్లు

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు మేము వెళ్లినప్పుడు కార్న్‌వాల్ సముద్రతీరానికి తీసుకుపోయి, కొండంచున ముళ్లపొదల బీడులో నడిపించాడు. మోకాలెత్తు మట్టిగట్లు, నాలుగు రాళ్లు తప్ప ఏమీ లేని ఒక చోట ‘మధ్యయుగపు రైతు నివాసం, చట్టరక్షణలో ఉన్న స్థలం’ అని పలక పెట్టి ఉంది. చంద్రగిరి రాజమహల్ చూస్తూ పెరిగిన నాకు అది విడ్డూరంగా తోచింది. గోడలే లేనప్పుడు అది గుడి కాదు, కోట కాదు, రైతు ఇల్లే అని ఎలా తేల్చారు? అయినా ఆ బీడులో సేద్యానికి ఎవరు దిగుతారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: అలాంటి చోటికి వెళ్లినప్పుడు ముందుగా నేల వాలు చూడాలండి. ఇంగ్లండు నైరుతి భాగంలో మధ్యయుగపు రైతులు ఎక్కువగా కట్టుకున్న ఇంటిని ‘లాంగ్‌హౌస్’ అంటారు. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ఆ పొడవు సాధారణంగా వాలు వెంటే పైనుంచి కిందికి సాగుతుంది. పొడుగు గోడల నడుమ ఎదురెదురుగా రెండు వాకిళ్లు, వాటిని కలుపుతూ అడ్డంగా ఒక నడవ. నడవకు ఎగువన మనుషులు, దిగువన పశువులు, అందరికీ కప్పు ఒకటే. దిగువ భాగంలో నేల మధ్యగా రాతిపలకలతో కట్టిన కాలువ ఒకటి సాగి, చివరి గోడ అడుగున తూము గుండా బయటికి పోతుంది. పశువుల మూత్రం, కడుగునీళ్లు మనుషులున్న వైపు రాకుండా వాలే చూసుకునేది. ఎగువ భాగంలో కాలి ఎర్రబడిన నేల, బూడిద కనబడితే అది పొయ్యి చోటు. పొగగొట్టం ఉండేది కాదు, పొగంతా కప్పులోనుంచే పోవాలి. ఈ కాలువ, ఈ పొయ్యి, ఈ ఎదురు వాకిళ్లు మూడూ ఒకే చోట దొరికాక గోడ అడుగెత్తు మిగిలినా చాలు, ఇల్లు ఎవరిదో తెలిసిపోతుంది. పేడ కడిగే కాలువ పెట్టి ఎవరూ గుడి కట్టరు కదా. మన పడమటి పల్లెల్లో వసారాలో ఎద్దులను కట్టేసి, పక్క అరుగు మీదే పడుకున్న తరాన్ని చూసినవాళ్లకు ఇందులో వింతేమీ తోచదు.

అయితే తవ్వకముందే అనుమానం ఎందుకు కలిగింది అంటే, పచ్చదనం వల్ల. అక్కడివాళ్లు ‘హీత్’ అనే ఆ నేల సన్నని, పులుపెక్కిన నేల. ఉప్పుగాలికి చెట్టు నిలవదు, హెదర్ అనే పొట్టి పొద, గోర్స్ అనే పసుపుపూల ముళ్లపొద మాత్రమే అల్లుకుంటాయి. ఆ పొదల మధ్య ఒక నలుచదరపు మేర గడ్డి దట్టంగా పెరిగిందంటే, అక్కడ ఎన్నో ఏళ్లు పేడ, బూడిద, ఇంటి చెత్త నేలలో కలిసిందన్నమాట. దీనిని మన రైతులకు చెప్పనవసరం లేదు. పాడుపడిన ఊరి మీది మట్టికి మనం ‘పాటిమట్టి’ అని పేరే పెట్టుకుని, బండ్లకెత్తి పొలాలకు తోలుకున్నవాళ్లం. అక్కడి పరిశోధకులు మట్టిలోని ఫాస్ఫేటు కొలిచి ఈ మాటే అంటారు: పశువులు నిలిచిన చోట, ఎరువు పోగుపడిన చోట ఫాస్ఫేటు ఎక్కువగా ఉంటుంది.

ఇక సేద్యం సంగతి. 12, 13 శతాబ్దాల్లో ఇంగ్లండు జనాభా బాగా పెరిగి, మంచి నేల చాలక జనం కొండవాలుల మీదికి, తీరపు బీడుల మీదికి పాకారు. ఓట్స్, రై వంటి గట్టి పైర్లు వేశారు. గోర్స్‌ను పొయ్యిలోకి, దంచి పశువుల మేతలోకి వాడారు. గడ్డిమట్టిని పెళ్లలుగా కోసి ఎండబెట్టి కాల్చుకున్నారు. నేల పులుపు విరగడానికి సముద్రపు ఒడ్డున గవ్వలు నలిగిన ఇసుకను తెచ్చి పొలంలో చల్లారు. ఆ ఇసుకలోని సున్నమే మందు. ఇంటి చుట్టూ ఉన్న నేలను చాళ్ల వెంట ఎద్దులతో ఎత్తుగా మలిచి దున్నిన గుర్తులు, పొద్దు వాలినప్పుడు నీడలు పడితే ఇప్పటికీ అలల్లా కనిపిస్తాయి. అవి నిలవడానికి కారణం ఆ నేల పేదరికమే: తరువాత ఎవరూ దానిని మళ్లీ దున్నలేదు. మంచి మాగాణిలో ఉన్న ఊరి గుర్తులు నాగలి కింద ఎప్పుడో కలిసిపోయాయి.

వదిలి ఎందుకు పోయారన్నదానికి ఒక్క జవాబు లేదు. 1315 నుంచి 1317 వరకు తెరపిలేని వానలతో పంటలు పోయి పెద్ద కరువు వచ్చింది. 1348లో దక్షిణ తీరపు డార్సెట్ ప్రాంతంలోని ఒక రేవులో దిగిన ప్లేగు ఏడాది రెండేళ్లలో దేశ జనాభాలో మూడోవంతుకు పైగా తుడిచిపెట్టింది. బీడు మీది కుటుంబాలన్నీ దానికే బలయ్యాయని పలకల మీద రాయడం కొందరికి సరదా. నాకు మాత్రం, కింద మంచి భూములు ఖాళీ అయినందువల్ల బతికినవాళ్లు కొండ దిగి ఉంటారన్నదే ఎక్కువ సబబుగా తోస్తుంది. అదే నైరుతి భాగంలో డార్ట్‌మూర్ అనే ఎత్తైన బీడు మీది హౌండ్‌టార్ అనే పాడూరు సముద్రానికి దూరమైనా ఇదే తీరు. అక్కడ లాంగ్‌హౌస్‌లతో పాటు ధాన్యం ఆరబెట్టే బట్టీలు బయటపడ్డాయి. మనం కళ్లంలో ఎండకు వదిలేసే గింజను వాళ్లు నిప్పు సెగతో ఆరబెట్టవలసి వచ్చిందంటే, ఆ తడి ఎంతటిదో ఊహించుకోవచ్చు.

కార్న్‌వాల్‌లోనే మాగన్ పోర్త్ అనే తీరంలో 1950ల తొలి ఏళ్లలో తవ్విన ఇళ్లు ఇంకా పాతవి, 9 నుంచి 11వ శతాబ్దం నాటివి. వాటిని ముంచింది ఎగిరివచ్చిన ఇసుక. అక్కడ ఇంగ్లండు రాజు రెండవ ఎథెల్రెడ్ కాలపు వెండి నాణెం ఒక్కటి దొరికి కాలాన్ని పట్టిచ్చింది. నన్ను ఆకట్టుకున్నది మాత్రం కుండపెంకు. పచ్చికుండ నేలకు అంటుకోకుండా కుమ్మరి కింద తరిగిన గడ్డి పరిచాడు; కుండ కాలినప్పుడు గడ్డి మాడిపోయింది, పోచల అచ్చు అడుగున అలాగే ఉండిపోయింది. వెయ్యేళ్ల కిందటి గడ్డిపోచ ఈనె దాకా వేలికి తగులుతుంది. ఇక ఎముకలంటారా, పుల్లటి హీత్ నేల వాటిని కరిగించేస్తుంది. గవ్వల ఇసుకలో అయితే నిలుస్తాయి. అందుకే బీడు మీది రైతు ఏ పశువును పెంచాడో చెప్పడం కష్టం.

ప్రశ్న: మా ఊరి పాటిదిబ్బను ట్రాక్టర్లతో తవ్వుకుపోతున్నారు. పెద్ద పెద్ద ఇటుకలు, ఎర్రటి పెంకులు బయటపడుతున్నాయి. మేమే కొంత తవ్వి చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వద్దమ్మా. పై జవాబులో చెప్పిన రక్షిత స్థలాల్లో, ఇంగ్లండులో 1979 నాటి చట్టం ప్రకారం, అనుమతి లేకుండా లోహశోధిని (మెటల్ డిటెక్టర్) తిప్పడం కూడా నేరమే. మన దగ్గర పురావస్తు శాఖ ప్రకటించిన స్థలాలకే అంతటి రక్షణ ఉంది. మామూలు దిబ్బకు ఊరివాళ్లే దిక్కు. అయితే నాణేలు, నగలు వంటివి దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమలులోనే ఉంది: విలువ 10 రూపాయలు దాటితే ఏమి దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు అన్నవి కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఇటుక కనబడితే దానిని పెకలించకుండా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, పొడవు, వెడల్పు, మందం రాసుకోండి. ఇటుక కొలత కాలం గురించి చాలా చెబుతుంది. దిబ్బ కోతకు గురైన అంచును కూడా నిలువుగా ఫొటో తీయండి, బూడిద చారలు అందులోనే కనిపిస్తాయి. వాన తరువాత పైకి తేలిన పెంకుల్లో అంచుముక్కలనూ అడుగుముక్కలనూ మాత్రం దొరికిన చోటు రాసిన కాగితంతో సహా విడివిడి సంచుల్లో దాచి, పురావస్తు శాఖ వారికి చూపండి. కుండ కడుపుముక్కలు బుట్టెడు ఉన్నా, ఆ రెండూ చెప్పినంత చెప్పవు.